పంటి లెక్క

మా ఇంట్లో ఎవరూ మొదటి మాటలో అసలు ధర చెప్పరు. అది మా అత్తగారు పెట్టిన నియమం. ముప్పై ఏళ్ళు బట్టల కొట్లో కౌంటరు వెనక నిలబడిన మనిషి ఆవిడ. ఎదుటివాడు సగానికి అడుగుతాడు గనక మనం రెట్టింపు చెప్పాలి, వాడు తగ్గించాలి, మనం ప్రాణం పోతున్నట్టు మొహం పెట్టాలి, ఆఖరికి ఇద్దరం మధ్యలో ఎక్కడో కలవాలి. ఇదంతా అయ్యేసరికి టీ చల్లారిపోయి ఉండాలి. టీ వేడిగా ఉండగానే బేరం తెగితే ఎవరో ఒకరు మోసపోయినట్టే అనేది ఆవిడ.

అందుకని పెద్ద ఊళ్ళో కట్టుడు పళ్ళు చేసే ల్యాబ్ ఓనరు ఫోనులో "జీతం ఎంత అనుకుంటున్నారమ్మా" అని అడిగినప్పుడు, నేను అత్తగారి వైపు చూశాను. ఆవిడ రెండు వేళ్ళు చూపించింది. నేను నాకు నెలకొచ్చే దానికి సరిగ్గా రెట్టింపు చెప్పాను.

"సరే," అన్నాడాయన.

అంతే. తగ్గించలేదు, నసగలేదు, ఆలోచించి చెప్తాననలేదు. ఎప్పుడు వచ్చి చేరతారని అడిగాడు. మా ఆయన ఫోటో ఫ్రేముకి అద్దం బిగిస్తున్నవాడు అద్దం చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. అత్తగారి టీలోంచి ఇంకా పొగలు వస్తున్నాయి.

"వీడికి మతి లేదా, మనకి లేదా," అందావిడ చివరికి.

నా పని కట్టుడు పళ్ళు చేయడం. డాక్టర్లు కొలతలు తీసి పంపిస్తే, వాటికి ప్లాస్టరు పోసి దవడ అచ్చు తీస్తారు. ఆ అచ్చు మీద మైనంతో చిగుళ్ళు కట్టి, ఒక్కొక్క పన్నూ నిలబెట్టడం నా వంతు. నవ్వితే ఎన్ని పళ్ళు కనిపించాలి, నమిలితే ఏ పన్ను మీద ఏ పన్ను కూర్చోవాలి, ఇదంతా చూసుకుని నిలబెట్టాలి. పద్నాలుగేళ్ళు మా ఊళ్ళో చేశాను. అక్కడ జీతం లేదు, పంటికింత అని లెక్క. పన్ను నిలబెడితే డబ్బు, లేకపోతే లేదు. గంటలు ఎవరూ చూడరు. సెట్టు బాగా కుదరక డాక్టరు తిప్పి పంపిస్తే దాన్ని సరిచేసినందుకు పైసా రాదు. ఎవరి చేయి ఖాళీగా ఉంటే వాళ్ళు అలమరలోంచి ఒకటి తీసి బాగుచేసి మాట్లాడకుండా మళ్ళీ అక్కడే పెట్టేవాళ్ళం. తప్పు ఎవరిదని అడగకపోవడమే మాలో మర్యాద.

ఉద్యోగం ఇస్తున్నట్టు ఉత్తరం వచ్చింది. రెండు పేజీలు. అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని అంకె ఉన్న వరస మీద వేలు పెట్టి మూడుసార్లు చదివింది. మా ఆయన అదే వరస చదివాడు. నేనూ అదే చదివాను. ఆ తర్వాత ఉత్తరాన్ని బియ్యం డబ్బా కింద జాగ్రత్త చేశాం. మా ఆయన ముందు గదిలో నడుపుకునే ఫోటో ఫ్రేముల కొట్టు మూసేశాడు. అద్దాలు, చెక్కలు వచ్చినకాడికి అమ్మేశాడు. అక్కడికి వెళ్ళాక ఇంతకంటే పెద్దది పెడతానని అందరితో చెప్పాడు.

ఇల్లు చూపించిన బ్రోకరు చాలా మర్యాదస్తుడు. తలుపు తీసి పక్కకి తప్పుకున్నాడు, ఎందుకంటే అతను కూడా లోపలికొస్తే మాకు చోటుండదు. ఒక గది, దాని మూలలో పొయ్యి, ఆ పక్కన స్నానాల గది. అద్దె ఎంతో చెప్పాడు. మా ఆయన నవ్వాడు. అతను కూడా మర్యాద కోసం నవ్వి, మళ్ళీ అదే అంకె చెప్పాడు. నా కొత్త జీతంలో సగానికి పైన. ఆరు నెలల అద్దె ముందే కట్టాలట. నీళ్ళకి వేరే. లిఫ్టుకి వేరే.

"మేం ఉండేది కిందే కదా, లిఫ్టు ఎక్కం," అంది అత్తగారు.

"ఎక్కకపోయినా ఉంటుంది కదండీ అది," అన్నాడు.

ఆవిడ బేరం మొదలుపెట్టింది. సగానికి అడిగింది. అతను గడియారం చూసుకుని, సాయంత్రం ఇంకొకళ్ళు చూడ్డానికి వస్తున్నారన్నాడు. ఆవిడ నా వైపు తిరిగింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఆవిడ మొహంలో అలాంటి భయం చూడలేదు నేను.

ఆ మొదటి నెల నేను ప్రతిదాన్నీ పళ్ళలోకి మార్చి లెక్కేసుకునేదాన్ని, పాత అలవాటు. ఒక క్యాబేజీ నాలుగు పళ్ళు. మా ఆయన క్షవరం పై దవడ మొత్తం. బస్సు పాసుకి రెండు సెట్లు. అద్దె కట్టాలంటే నేను ఒక చిన్న ఊరు ఊరంతటికీ పళ్ళు కట్టాలి. మా ఆయన కొట్టు గదుల అద్దెలు అడిగొచ్చి, చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే కూర్చున్నాడు. ఎంతన్నారని అడిగితే చెప్పలేదు. చివరికి ఒక అద్దాల దుకాణంలో వారానికి రెండు రోజులు మోత పని దొరికింది.

అత్తగారు సంచి పట్టుకుని అంగడికి వెళ్ళి వట్టి సంచితో తిరిగొచ్చింది. "అన్నిటి మీదా ధర చీటీలు అంటించేశారే. మాట్లాడ్డానికి అక్కడ మనిషే లేడు," అంది. ఇల్లు కాలిపోయిందని చెప్పినట్టు చెప్పింది.

పడుకునేది ఆవిడ గుమ్మానికి అడ్డంగా. ఆవిడ లేస్తే గానీ తలుపు తెరుచుకోదు. అర్జంటుగా ఎవరైనా తలుపు కొడితే, "ఆగండి, వాకిలి లేస్తోంది," అనేది. మేం నవ్వేవాళ్ళం. రెండో నెలాఖరుకి నవ్వడం మానేశాం. దాచుకున్నదంతా ఊడ్చుకుపోయింది.

ఒక ఆదివారం పొద్దున మా ఆయన గోడకేసి చూస్తూ అన్నాడు. "అమ్మా, కొన్నాళ్ళు అక్క దగ్గర ఉండు. ఇక్కడ కాస్త కుదురుకోగానే తీసుకొచ్చేస్తా."

మా ఆడబిడ్డ ఇంట్లో సోఫాల మీద ప్లాస్టిక్ తొడుగులు ఉంటాయి. అత్తగారు అక్కడ రెండు రోజులు ఉంటే మూడో రోజు ఇద్దరికీ మాటలుండవు. ఆవిడ ఎగురుతుందని, ఒక్క నెల ఆగమంటుందని, కనీసం ఒక్క వారమైనా బేరం పెడుతుందని ఎదురుచూశాను. ఆవిడ పప్పు ఏరుతూ తల కూడా ఎత్తలేదు. "ఏ బస్సుకి?" అంది.

ఉల్లిపాయ దగ్గర కూడా గింజుకునే మనిషి, తనని పంపించేస్తున్నారంటే ఏ బస్సుకని అడుగుతుందా. పెళ్ళయిన కొత్తలో వంట రాక ఏడుస్తుంటే పక్కన కూర్చుని తనూ రాదని అబద్ధం చెప్పిన మనిషి. ఆవిడ లేని ఇంటికి సాయంత్రం నేనెలా వస్తాను. మళ్ళీ ఆదివారానికి టికెట్ తీసేశాడు మా ఆయన. నాకు ఆరు రోజులున్నాయి.

ల్యాబ్‌లో నాకు దగ్గరైన మనిషి ఒక్కతే, అచ్చులు పోసే ఆవిడ. అందరూ ప్లాస్టరక్క అనేవారు. మోచేతుల దాకా ఎప్పుడూ తెల్లగా ఉండేది. మధ్యాహ్నం ఇద్దరం కలిసి తినేవాళ్ళం. ఒకసారి మా గది చూడ్డానికొచ్చి, గుమ్మంలోనే నిలబడి, "ఇందులో ముగ్గురా," అని నోటి మీద చేయి వేసుకుంది. మర్నాడు మడత స్టూలు ఒకటి తెచ్చి ఇచ్చింది. తను కూతురితో రెండు గదుల ఇంట్లో ఉండేది, బాల్కనీ కూడా ఉందని చెప్పేది. కిందటి నెల వాళ్ళ ఓనరు అద్దె పెంచాడట. అదృష్టం కొద్దీ అదే నెలలో తన జీతమూ పెరిగిందట.

మంగళవారం జీతం కాగితాలు పంచారు. ఆవిడ చేతులు తడిగా ఉండి, "కాస్త విప్పి చూడు, ఎంత పట్టారో," అంది. విప్పాను. నా కంటికి అంకె ఆనలేదు. మళ్ళీ చూశాను. నా జీతానికి రెట్టింపు కంటే ఎక్కువ. ప్లాస్టరు పోసినందుకు. ఆవిడ పనిని తక్కువ చేయడం లేదు, అచ్చు సరిగ్గా లేకపోతే నా పళ్ళు ఎందుకూ పనికిరావు. కానీ పద్నాలుగేళ్ళ చేయి నాది. కాగితం మడిచి ఆవిడ జేబులో పెట్టాను. ఎంత పట్టారని ఆవిడ అడిగింది. ఏం చెప్పానో నాకే తెలియదు.

నేరుగా మేడమీదకి వెళ్ళాను. ఓనరు అక్కడే కూర్చుంటాడు, కిందకి దిగేది ఇంటికెళ్ళేటప్పుడే. ఆయన ముందు కళ్ళజోడు, డబ్బా నిండా చీటీలు. ప్రతి సెట్టుతోనూ ఒక చీటీ నడుస్తుంది, ఎవరు చేశారో వాళ్ళు సంతకం పెట్టాలి.

"సార్, నా జీతం పెంచాలి," అన్నాను.

"ఎంత?"

అత్తగారి లెక్క ప్రకారం రెట్టింపు అన్నాను. ఆయన ఆశ్చర్యంగా చూశాడు, కోపం లేదు.

"పూట పనికి అంత ఎవరూ ఇవ్వరమ్మా," అన్నాడు.

"పూట పనేంటి సార్."

"మీరు చేసేది పూట పనే కదా. వారానికి ఇరవై రెండు గంటలు." డ్రాయరు లాగి ఉత్తరం తీశాడు. అంకె ఉన్న వరసకి సరిగ్గా కింది వరస. అచ్చులో స్పష్టంగా ఉంది. మా ముగ్గురి కళ్ళూ పడని వరస. "మీరు ఫోనులో అడిగింది ఇక్కడ పూట పనికి ఇచ్చే జీతం. అందుకే వెంటనే సరేనన్నాను. ఇంటి పనులుంటాయి కాబోలు, మధ్యాహ్నం దాకానే కావాలేమో అనుకున్నా."

గంటలు చూసే అలవాటే లేదు మా పనిలో. పన్ను ఉందంటే పని ఉంది, అంతే. రెండు నెలలుగా పొద్దున తొమ్మిదికి వచ్చి సాయంత్రం ఆరు దాకా ఉన్నాను.

"నేను రోజంతా ఉంటున్నాను సార్," అన్నాను.

"చూస్తూనే ఉన్నాను. చేయి నెమ్మది కాబోలు, ఇచ్చిన పని పూర్తి చేయడానికి ఉండిపోతున్నారు అనుకున్నా. అడిగితే బాధపడతారని అడగలేదు."

దీనికి మాత్రం తల కొట్టేసినట్టయింది. జీతం సగమన్నందుకు కాదు. నా చేయి నెమ్మదన్నాడు. మా ఊళ్ళో నా చేతి వేగం చూసి కొత్తగా వచ్చినవాళ్ళు పక్కన కూర్చోవడానికి జంకేవారు.

"ఇచ్చిన పని పన్నెండింటికే అయిపోతుంది సార్. తర్వాత అలమరలో ఉన్నవి చేస్తాను. డాక్టర్లు తిప్పి పంపినవి."

ఆయన కుర్చీలో వెనక్కి వాలినవాడు ముందుకి వచ్చాడు. "అవి మీరు చేయడమేంటి? అవన్నీ ప్లాస్టర్ ఆవిడ చూసుకుంటోంది. అందుకే కదా ఆవిడకి జీతం పెంచాను." డబ్బాలోంచి ఒక గుప్పెడు చీటీలు తీసి బల్ల మీద పరిచాడు. అన్నిటి మీదా ఆవిడ సంతకం.

ఆ చీటీలు ఒక్కొక్కటీ తిరగేశాను. ఒక్కొక్క నెంబరూ నాకు గుర్తుంది. నేను సంతకాలు పెట్టలేదు, నిజమే. తిప్పి పంపిన సెట్టు మీద సంతకం పెట్టడం మాలో లేదు, అది ఎవరి తప్పునో ఎత్తి చూపించినట్టు. బాగుచేసి, చీటీ ఖాళీగా వదిలి, మళ్ళీ అలమరలో పెట్టేదాన్ని. పక్కనే కూర్చుని నా కూర తిన్న మనిషి వాటిని తీసి సంతకం పెట్టింది.

"ఇది చూడండి," అన్నాను, ఒక చీటీ మీద వేలు పెట్టి. "పై సెట్టు. ఎడమ కోర పన్ను కావాలనే కొంచెం వంకరగా పెట్టాను. పళ్ళు పెట్టుకునే పెద్దాయన పాత ఫోటో చీటీకి కుట్టి పంపారు, అందులో అలాగే ఉంది. ఇదిగో, ఈ చీటీ పేషెంటుకి కింది చిగురు కుడివైపు ఒరుసుకునేది, గోరంత అరగదీశాను. ఇంకోటి చెప్పనా?"

ఆయన వద్దన్నాడు. ఆ వంకర పన్ను పెద్దాయన తన డాక్టరు చేత ఫోన్ చేయించి మరీ మెచ్చుకున్నాడట. ఓనరు ఆ మెప్పుని కిందకి దిగి మరీ ప్లాస్టరక్కకి చెప్పాడట.

ఆవిడని పైకి పిలిపించాడు. వచ్చింది. బల్ల మీద చీటీలు చూసింది, నన్ను చూసింది. అబద్ధం చెప్తుందేమో, మీద పడి అరుద్దామని కాచుకుని ఉన్నాను. ఆవిడ చేతులు ల్యాబ్ కోటుకి తుడుచుకుంది.

"ఈవిడే చేసింది సార్. చేసి ఖాళీ చీటీతో పెట్టేసేది. ఎవరో ఒకరు సంతకం పెట్టాలి కదా అని మొదట పెట్టాను. తర్వాత మీరు జీతం పెంచారు," అంది. ఆగి, "అప్పుడు చెబుదామనే అనుకున్నా. అదే వారం మా ఇంటి ఓనరు అద్దె పెంచాడు," అంది.

ఓనరు చీటీలు మళ్ళీ దొంతర పెట్టాడు. చెడ్డవాడు కాదు, మంచివాడూ కాదు. లెక్క మనిషి. జరిగిపోయిన మధ్యాహ్నాలకి డబ్బివ్వనన్నాడు, అవి ఎవరూ చేయమనలేదట. ఇక నుంచి నాకు రోజంతా పని, అలమర నాది. ఆవిడకి పెంచింది తీసేసి, దానికి ఇంకొంచెం వేసి నాకు కలుపుతాడు. "ఇద్దరికీ ఇవ్వడం నా వల్ల కాదు. మీకు సమ్మతమేనా?" అని నన్ను అడిగాడు, ఆవిడ ముందే.

ఒక్క క్షణం ఆగి ఉంటే ఏమైనా ఆలోచించేదాన్నేమో. ఆదివారం బస్సు కళ్ళ ముందు కనిపించింది. జాలి కలగలేదు, అబద్ధమెందుకు. ఒళ్ళు మండిపోతోంది. "సమ్మతమే," అన్నాను. ఆవిడ తల ఊపి కిందకి వెళ్ళిపోయింది.

ఇంటికెళ్ళేసరికి అత్తగారు చీరలు మడతపెట్టి సంచిలో సర్దేసి ఉంది. జరిగింది చెప్పాను. మా ఆయన టికెట్ రద్దు చేయడానికి చొక్కా వేసుకుని పరిగెత్తాడు. ఆవిడ అరచేతులు రెండూ నా బుగ్గలకి ఆనించింది. కళ్ళు తుడుచుకున్నాక మాత్రం ఉండబట్టలేదు.

"ఎక్కడ మొదలెట్టావు, ఎక్కడ తెగింది?"

"ఆయన చెప్పిందే ఒప్పుకున్నాను అత్తయ్యా."

"ఆ అమ్మాయి ఏమంది?"

"ఏమీ అనలేదు."

అత్తగారు సంచిలోంచి చీరలు ఒక్కొక్కటీ తీసింది. "కూతురుందన్నావు కదూ," అంది చివరికి. అవునన్నాను.

మర్నాడు ల్యాబ్‌లో ఆవిడ మొహం చూడకుండా పని చేసుకున్నాను. మధ్యాహ్నం నా డబ్బా నేను నా బల్ల దగ్గరే విప్పాను. ఆవిడే లేచి వచ్చింది. రెండు తిట్లు తిట్టడానికే అనుకున్నాను, తిడితే నాకూ ప్రాణం హాయిగా ఉండేది, తిరిగి నాలుగు అనడానికి రాత్రంతా మాటలు పేర్చుకుని ఉన్నాను.

"మీ బ్రోకరు నెంబరు ఇవ్వు," అంది.

"ఎందుకక్కా?"

"ఈ నెలాఖరుకి ఖాళీ చేయాలి. మీ వరసలో ఇంకో గది ఉందన్నావు కదా మొన్న. ఎవరైనా దిగారా?"

పేర్చుకున్న మాటలన్నీ ఎక్కడికి పోయాయో. లేదు, ఇంకా ఖాళీగానే ఉందన్నాను. ఫోను తీసి నెంబరు చదివాను. ఆవిడ చేతి మీద ఎండిన ప్లాస్టరు మీదే పెన్సిలుతో రాసుకుంది.

"ఎంత చెప్తాడు?"

చెప్పాను. ఆవిడ పెన్సిలు ఆగిపోయింది. నా మొహంలోకి అలాగే చూసింది, ఏదో నేనే పెంచి చెప్తున్నట్టు.

"ఆ ఒక్క గదికా?" అంది.

"నీళ్ళు కాక," అన్నాను.